పక్కపక్కనే ఉన్న రెండక్షరాలు

లిఫ్టు తలుపు అట్టపెట్టెను నలిపేసింది. మధ్యలో ఏదైనా అడ్డం వస్తే తలుపు వెనక్కి పోవాలి. పోలేదు. పరీక్షల గదిలో ఉన్నవాళ్లందరూ ఆమె వైపు తిరిగారు. లిఫ్టును నడిపే ప్రోగ్రామును ఆ ఉదయం తయారుచేసింది ఆమే.

ఆ ప్రోగ్రాము రెండు రకాలుగా తయారవుతుంది. ట్రయల్ రకంలో అడ్డాన్ని కనిపెట్టే తలుపు సెన్సరు ఆపి ఉంటుంది; బయటికి వెళ్లే రిలీజ్ రకంలో పనిచేస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే టెర్మినల్‌లో బారెడు కమాండ్లు కొట్టాలి. ఆ బాధ పడలేక రెండేళ్ల కిందట ఆమె షార్ట్‌కట్లు రాసింది: టి కొడితే ట్రయల్, ఆర్ కొడితే రిలీజ్. ప్రోగ్రాములు తయారుచేయడానికి అందరూ ఉమ్మడిగా వాడే బిల్డ్ మెషీన్‌లో అవే నడుస్తున్నాయి.

"నేను రిలీజే కొట్టాను సార్," అంది మేనేజరుతో. "నా షార్ట్‌కట్లలో ఎవరో వేలు పెట్టారు."

"ఎవరంటావ్?"

ఆమె కళ్లు పిల్లి సీటు మీదికి పోయాయి. అడుగుల చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడతాడని ఆఫీసంతా అతనికి పెట్టిన పేరది. చేరి మూడు నెలలే. ఆమె అటు వెళ్తే చాలు, తెర మీద ఉన్నది మూసేస్తాడు.

"అతని మీద ఓ కన్నేసి ఉంచండి," అంది గొంతు తగ్గించి.

సీటుకొచ్చి షార్ట్‌కట్ల ఫైలు తెరిచింది. మంగళవారం మార్చినట్టుంది, మార్చింది పిల్లే. దొరికాడు! లోలోపల కాస్త సంతోషం కలిగింది. కానీ టి, ఆర్ ఉన్న వరుసలు చెక్కుచెదరలేదు. కింద కొత్తగా మూడు వరుసలున్నాయి. ఎవరు, ఎప్పుడు, ఏ షార్ట్‌కట్ కొట్టారో అవి ఒక చిట్టాలో రాసిపెడుతున్నాయి.

నా మీద నిఘా పెట్టాడన్నమాట! ఒళ్లు మండి చిట్టా తెరిచింది.

ఆ ఉదయం పదీ నలభైకి ఆమె పేరు, పక్కన టి. అప్పుడు చెల్లెలు ఫోన్లో ఉంది. ఇల్లు మారే గొడవ. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఒంటిచేత్తో కొట్టింది. కీబోర్డు మీద టి, ఆర్ అనే ఆ రెండక్షరాలూ పక్కపక్కనే ఉంటాయి.

ఆ ఒక్క వరుస చెరిపేస్తే ఎవరికీ తెలియదు. వేలు డిలీట్ మీదికి వెళ్లింది కూడా. ఎందుకో వెనక్కి తిరిగింది. పిల్లి నిలబడి ఉన్నాడు.

"ఎప్పట్నుంచి కనిపెడుతున్నారు నన్ను?"

"మిమ్మల్ని కాదండీ, నన్ను నేనే. పోయినవారం నేనూ ఇలాగే టి కొట్టేశాను. ముందే చూసుకున్నాను కాబట్టి బతికిపోయాను."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చిన్న స్పెల్లింగ్ తప్పు చూపించినందుకే రెండ్రోజులు మాట్లాడలేదు మీరు."

ఆమె లేచి తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. "తప్పు కొట్టింది నేనే సార్. ఇందాక అతని గురించి అన్నది వదిలేయండి."

"ఆ మాట అతనితో కూడా అను."

అనుమానించి మేనేజరుకు చెప్పిన సంగతి అతనితో అనేసింది. అతని ముఖం పాలిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, "సరే, పని చూద్దాం," అన్నాడు.

సాయంత్రానికల్లా ఇద్దరూ కూర్చుని ఒంటి అక్షరాలు తీసేశారు. రిలీజ్ కావాలంటే ఇక ఆ మాట పూర్తిగా కొట్టాలి. ట్రయల్‌లో ఉన్నంతసేపూ తెర మీద ఎర్రటి గీత కనిపిస్తుంది. సెన్సరు ఆపి ఉన్న ప్రోగ్రామును బయటికి పంపేందుకు మెషీన్ ప్యాక్ చేయనే చేయదు.

పని బాగా కుదిరింది. కానీ మంచినీళ్లకని లేచినప్పుడు అతను కంప్యూటర్ లాక్ చేసి మరీ వెళ్లాడు. ఆమె చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.