పేరు చెప్పని ఆకు

హన్మవ్వ కామెర్ల మందుకు చుట్టుపక్కల ఊళ్లన్నిటా పేరుంది. ఆ మందులో పడే ఆకు పేరు మాత్రం ఎవరికీ తెలియదు. చెబితే మందు పనిచేయదని ఆమె అత్త పోయేముందు చేతిలో చెయ్యి వేయించుకుంది. అప్పటి నుంచి నలభై ఏళ్లుగా హన్మవ్వ నోరు జారలేదు. ఊళ్లో మిగతా అన్ని సంగతుల్లోనూ ఆ నోరు ధారాళంగానే జారుతుందనుకోండి, అది వేరే విషయం.

ఆమె జాగ్రత్త చూసి తీరాల్సిందే. ఆదివారం పొద్దు పొడవకముందే లేచి, ఎవరు పలకరించినా పలకకుండా, ముత్తన్న పసుపు చేను గట్టు మీదికి పోతుంది. కావలసింది ఒక్క ఆకే. చూసినవాళ్లు కనిపెట్టకూడదని దారిలో తంగేడు, వేప, వావిలి, తుమ్మ కూడా ఒక్కో రెమ్మ తుంచి ఒళ్లో కలిపేసుకుంటుంది. ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, అసలుది నూరుతుంది. దొంగ ఆకులను పెరట్లో పెంటకుప్ప మీద పారేస్తుంది. వాటికోసం మేక ముందే వచ్చి నిలబడి ఉంటుంది.

ఆ ఏడు ఆషాఢంలో ఆ గట్టుకు మూడింది. ఊరంతా బోధన్ షక్కర్ ఫ్యాక్టరీకి చెరుకు వేస్తుంటే ముత్తన్నకూ పసుపు మీద మనసు విరిగింది. నడిమి గట్టు తీసేసి రెండు చేన్లూ ఒకటి చేద్దామని శనివారానికి ట్రాక్టర్ మాట్లాడుకున్నాడు. మిగతా గట్లన్నీ అప్పటికే చెరుకు కిందికి పోయాయి. తొలకరికి ఆ మొక్క లేచేది ఇక ఆ ఒక్కచోటే. గట్టు పోతే మందు పోయినట్టే.

బుధవారం హన్మవ్వ ముత్తన్న ఇంటికి పోయి గట్టు తియ్యొద్దంది. ఎందుకని అడిగాడు. ఆమెకు చప్పున ఏమీ తోచక, పొద్దున పూట అక్కడ నీడకు కూర్చుంటానని చెప్పింది. గట్టు మీద చెట్టే లేదు కదా అన్నాడు ముత్తన్న. పోనీ, తన మామ ఆత్మ ఆ గట్టు మీదే తిరుగుతుందంది. మామ పోయింది నిజామాబాదులో అని గుర్తుచేశాడాయన. మూడో అబద్ధం దొరక్క హన్మవ్వ అతనిచ్చిన చాయ్ తాగి సాసరు కింద పెట్టింది. ముత్తన్న కాసేపు ఆమె మొహంలోకే చూశాడు.

"ట్రాక్టరు ఆగదవ్వా. నువ్వయితే ఫికరు జెయ్యకు" అన్నాడు.

ఆదివారం పోయి చూస్తే గట్టు లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చదునైన నల్లమట్టి. హన్మవ్వ ఆ మట్టిలోనే కూలబడింది. కోపం ముత్తన్న మీద కాదు, తన మీదే వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే గట్టు మిగిలేది. అత్తకిచ్చిన మాట కాపాడబోయి అత్త మందునే చంపుకున్నానని ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి కందకుర్తి నుంచి బండి కట్టించుకుని వచ్చిన తారాబాయి అరుగు మీద కూర్చుని ఉంది. కళ్లు పచ్చగా ఉన్నాయి, పలకడానికి కూడా ఓపిక లేదు. మందు లేదని ఎట్లా చెప్పాలో తెలియక హన్మవ్వ గడపలోనే నిలబడిపోయింది. అప్పుడే యేసమ్మ వచ్చింది. ఊళ్లో కలుపు తీసే ఆడవాళ్లకు పెద్ద ఆమే. చర్చికి పోయే తెల్లచీరలో ఉంది. ఏమీ చెప్పకుండా హన్మవ్వ చెయ్యి పట్టుకుని తన ఇంటి వెనక్కి తీసుకుపోయింది.

గోడ వారగా పగిలిన కుండలు, తుప్పు పట్టిన డాల్డా డబ్బాలు. అన్నిట్లోనూ మట్టితో సహా ఆ మొక్కలే. చిన్న చిన్న ఆకులు, ఈనె కింద వరుసగా ఆవగింజలంత కాయలు. అట్లాంటివి ఇంకా పన్నెండిళ్లలో ఉన్నాయట.

"శుక్రారం ముత్తన్న మమ్ముల పిలిసి, ట్రాక్టరు రాకముందే గట్టు మీది మొక్కలు మట్టితోటి తీసుకపోండ్రి అన్నడు. ఏ మొక్కలని మేమడగలే, ఆయన జెప్పలే" అంది యేసమ్మ.

"మరి మీకెట్ల ఎర్కయ్యింది?"

"నువ్వు తెచ్చేటియి ఐదు రకాలు. పెంట మీద పడేటియి నాలుగు."

నలభై ఏళ్లుగా హన్మవ్వ రహస్యాన్ని కాపాడలేదు, మేకలను మేపింది. సిగ్గేసింది. ఆ వెనకే నవ్వొచ్చింది, కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఇన్నేండ్లల్ల ఒక్కలన్న నాతోని అనకపోతిరి గదనే."

"పేరు బయటవడితే మందు పనిజెయ్యదంటివి గదవ్వా. అందుకే అనలే."

హన్మవ్వ రెండు మొక్కలు పెరికి, రెండో చేత్తో యేసమ్మను పట్టుకుని తన ఇంటికి లాక్కుపోయింది. ఈసారి తలుపు గడియ పెట్టలేదు. యేసమ్మను రోలు ముందు కూర్చోబెట్టి నూరించింది. ఎంత మెత్తగా నూరాలో, గచ్చకాయంత ముద్ద మజ్జిగలో ఎట్లా కలపాలో, ఎన్ని రోజులు ఉప్పు మానాలో, పసిపిల్లకైతే ఎంత తగ్గించాలో పూసగుచ్చినట్టు చెప్పింది. పెంటకుప్ప మీద దొరకని సంగతులవి. పేరు మాత్రం చెప్పలేదు, యేసమ్మ అడగలేదు. తారాబాయికి మొదటి ముద్ద యేసమ్మ చేతితోనే ఇప్పించింది. చర్చికి యేసమ్మ బాగా ఆలస్యంగా, వేళ్లకు పసరుతోనే పోయింది.

ఆ పై ఆదివారం హన్మవ్వ యేసమ్మ కుండల్లోంచి ఒక్క ఆకే కోసింది. మేక పెంటకుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగి, వాకిట్లోకొచ్చి ఆమె మొహంలోకి చూసింది. దానికి మాత్రం ఏం చెప్పాలో హన్మవ్వకు తోచలేదు.