కెంపమ్మ ప్రసారం

పొద్దున్నే గొర్రెల దొడ్డి ఊడుస్తూ కెంపమ్మ మాట్లాడుతుంది. ఆమె నోరు తెరిస్తే చాలు, తంబళ్లపల్లె నుంచి కుప్పం దాకా ఆన్‌లో ఉన్న ప్రతి రేడియోలో, టీవీలో ఆ మాటలే వస్తాయి. వార్తలు ఆగిపోతాయి, సీరియల్లో కోడలి ఏడుపు మధ్యలో తెగిపోతుంది. కరెంటు పోవడానికి అలవాటు పడ్డట్టే జనం దీనికీ అలవాటు పడ్డారు. ప్రసారమంటే నలుదిక్కులా వ్యాపింపజేయడమని బడిలో అయ్యవారు అర్థం చెబుతారు. ఆ ఊళ్లలో ఎవరినడిగినా మాత్రం ప్రసారమంటే కెంపమ్మ మాటలనే చెబుతారు.

ఆమె మొగుడు నారాయణస్వామికి ప్రాణం విసిగిపోయింది. మదనపల్లె బస్సెక్కితే ముక్కూమొహం తెలియనివాళ్లు పలకరిస్తారు.

"ఏమప్పా, సంగటి మాడిందని అలిగి పస్తు పడుకున్నావంట? ప్రసారంలో ఇంటిమి."

అంతవరకూ ఎలాగో ఓర్చుకున్నాడు. మొన్న మాత్రం కెంపమ్మ, "రేపు పుంగనూరులో పెండ్లికి ఇద్దరమూ పోతాండాము, దొడ్డికాడ ఎవురూ ఉండరు," అని చీపురు పట్టుకుని సంబరంగా చెప్పేసింది. పెళ్లి భోజనం చేసి వచ్చేసరికి నలభై గొర్రెల్లో ఒక్కటీ లేదు. సెంటు భూమి లేని ఆ ఇంటికి బతుకంతా ఆ నలభై జీవాలే.

"దొంగలకు నువ్వే దండోరా ఏస్తివి కదే! ఇంగ నోరు తెరిస్తే ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, నువ్వన్నా ఉండాల!"

కెంపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ ఖాళీ దొడ్డి చూసి ఉండబట్టలేకపోయింది. మేతకాడ మందలు కలిసిపోయినప్పుడు ఏ ఇంటి పిలుపుకు ఆ ఇంటి జీవాలు విడివడి వస్తాయి. ఆ పిలుపే ఎత్తుకుంది.

"బుర్ర్ర్... హోయ్! హోయ్!"

"నోరు ముయ్యమంటే ఇనపడలేదా?"

ఆమె ఏడుస్తూనే పిలిచింది. కాసేపటికి ఫోను మోగింది. వెంకటగిరికోటలో టీ అంగడి నడిపే దినేష్. ఈ ఇంటి నంబరు కూడా కెంపమ్మ ఎప్పుడో ప్రసారంలో చెప్పేసిందే.

"అప్పా, ఈడ లారీ ఒకటి నిలబడుండాది. టీవీలో ప్రసారం వస్తానే లోపల జీవాలు తలుపు ఇరగ్గొట్టుకుని దూకినాయి. డ్రైవరు పరుగో పరుగు. అన్నీ వచ్చి నా టీవీ ముందర నిలబడుండాయి. ఆయమ్మ గమ్మునైతే చెదిరిపోతాయి, ఆపొద్దని చెప్పప్పా."

కెంపమ్మ అప్పటికే ఆపేసింది.

"ఆపొద్దే! నీకు దండం పెడతా, పిలుస్తానే ఉండు!"

"నోరు ముయ్యమన్నందుకు తప్పయిందను."

"తప్పయింది తల్లీ, పిలువు!"

"ఇన్నారు కదమ్మా, తప్పయిందంటాండాడు," అని కుప్పం దాకా చెప్పి, ఆమె గొంతు సవరించుకుని గొర్రెలను పిలిచింది. ఫోనులో దినేష్ నవ్వు, దాని వెనక నలభై గొర్రెల అరుపు వినబడ్డాయి.

నారాయణస్వామి ఆమె పక్కన చెంబుతో నీళ్లు పెట్టి వెంకటగిరికోట బస్సుకు పరిగెత్తాడు.