సొరనూనె డబ్బా

"ఎన్నాళ్ళబట్టి సెప్తన్నాను, ఆ డబ్బా పారెయ్యత్తా. అన్నంలో కూడా అదే కంపు," అంది భారతి, గిన్నెలు బోర్లిస్తూ.

"ముక్కు మూసుకోవే. అడుగున గరిటెడు నూనె ఉన్నాది ఇంకా," అంది లక్ష్మణమ్మ.

"గరిటెడు నూనెకి ఇల్లంతా గబ్బేటి?"

అది సొరచేప కార్జం కాచి తీసిన నూనె. లక్ష్మణమ్మ భర్త ఏటా వేసవిలో దాన్ని తన చెక్కపడవకి పట్టించేవాడు, చెక్క నానిపోకుండా. ఆయన పోయాక ఆ పని ఆమె చేస్తోంది. పడవ నీళ్ళలోకి దిగి చాలా కాలమైంది. కొడుకు నాగబాబు ఫైబరు బోటు మీద వేటకెళ్తాడు. అయినా కోటబొమ్మాళి సంతలో ఎండుచేపల బేరం లేని మధ్యాహ్నాలు ఆమె ఒక్కతే వెళ్ళి ఆ పడవ నీడలో కూర్చుంటుంది. నూనె రాసిన చెక్కకి ఆయన చొక్కా వాసన ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలు నవ్వుతుంది.

అంతలో మరిది అప్పలసూరి పరుగున వచ్చాడు, ఒళ్ళంతా ఇసక.

"వదినా, నీ అదృష్టమే అదృష్టం! ఒడ్డుకి లాగే పెదవలలో సుక్కల సొర పడ్డాది. బస్సంత ఉన్నాది! దాని కార్జం కాస్తే నువ్వున్నన్నాళ్ళూ పడవకి నూనే. నీ కొడుకేమో ఒగ్గీద్దామంటన్నాడు, సంపితే జైలంట. వల మా అన్నది. మాట నీదే, రా!"

లక్ష్మణమ్మ డబ్బా పట్టుకునే వెళ్ళింది.

అలల అంచున పడి ఉందది. నల్లటి వీపు మీద తెల్లటి చుక్కలు, ఎవరో ముగ్గుకని పెట్టి మరిచిపోయినట్టు. పెద్ద నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఊరంతా చుట్టూ చేరి ఫోన్లు ఎత్తి పట్టుకుంది. దాని తరఫువాళ్ళెవరూ లేరు.

"ఇదొక్కతే వచ్చిందేట్రా?" అని కొడుకుని అడిగింది.

"ఇయ్యి ఒంటిగానే తిరుగుతాయంటమ్మా. ఎవుల్నీ కరవవు. ఇప్పుడు బాగా తగ్గిపోనాయంట." నాగబాబు చేతిలో కత్తి ఉంది. "వల కొయ్యమంటావా? బేగి సెప్పు, నీళ్ళు ఎనక్కి తీసేస్తన్నాయి."

"డబ్బా తెచ్చుకున్నాది కనబడట్లేదేట్రా, ఇంకా అడుగుతావు!" అని అప్పలసూరి నవ్వాడు.

ఆమె డబ్బా ఇసకలో పెట్టి నీళ్ళలోకి దిగింది. దాని వీపు మీద చెయ్యి వేసింది. ఉప్పుకాగితంలా గరుకుగా ఉంది. ఆ తోలు లోపల ఎక్కడో చిన్నగా అదిరింది.

"కొయ్యి," అంది.

పెద్ద అల వచ్చినప్పుడల్లా మగాళ్ళంతా కలిసి తోశారు. ఒకచోట చుక్కలు నీళ్ళ కింద కాసేపు కనబడి, తర్వాత కనబడలేదు.

అప్పలసూరి కోపం దిగక, తిట్టుకుంటూనే ఆ పూట వదినింట్లోనే తిన్నాడు. అందరి కంచాల్లో పులుసు పడ్డాక లక్ష్మణమ్మ మెల్లగా అంది.

"ఉన్న నూనె ఇందాక పడవకి రాసీసినాను. డబ్బా కడిగీసినాను. ఇంక ఎవులూ, ఎక్కడినుంచీ నాకు నూనె తేవద్దు. ఆ పడవ ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే ఉంటాది."