గాజు గొట్టంలో వెలిసిన రంగు

కోడలు ఫ్రిజ్ అరలు ఒక్కొక్కటే లాగి తుడుస్తోంది. తలుపు అరలో అత్తగారి ఇన్సులిన్ సీసాలు చేతికి తగిలాయి. రెండూ నిండుగా ఉన్నాయి. సీలైనా తీయలేదు.

"అత్తయ్యా, ఇంజెక్షన్ మానేశారా?"

అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతోంది. తడి చేసిన దారం కొస సూదిని దాటి గాలిలోకి పోతోంది.

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, మనింట్లో పనికొచ్చిందే!"

అత్తగారు చూపించిన, స్టవ్ పక్కనున్న గిన్నె మూతను కోడలు తీసింది. నల్లటి కషాయం, అడుగున ఉడికిన ఆకు. నాలుగేళ్ళుగా తను ల్యాబులో రసం తీస్తున్న ఆకే అది.

పోయిన నెల ఇంటివాళ్ళను ల్యాబుకి రానిచ్చినప్పుడు అత్తగారిని కూడా తీసుకెళ్ళింది. గాజు గొట్టంలోని ఊదారంగు ద్రవంలో ఆకురసం చుక్కలు వేస్తే, చూస్తుండగానే రంగు వెలిసి పసుపయింది. ఇదే యాంటీ ఆక్సిడెంట్ గుణమనీ, షుగరు వల్ల ఒంట్లో జరిగే చెడును ఇది అణిచేస్తుందనీ మురిపెంగా చెప్పింది. అత్తగారు ఆ గొట్టాన్నే కళ్ళలో పెట్టుకుని ఇల్లు చేరింది.

"అది గొట్టంలో జరిగింది అత్తయ్యా, మనిషిలో కాదు."

"మరి ఎలకలకి పోశానన్నావు?"

"పోశాను. లివరు పాడవడం కాస్త తగ్గింది. షుగరు మాత్రం పెద్దగా దిగలేదు."

"పోనీలే, బతికి బట్టకట్టాయిగా!"

"లివరు చూడాలంటే కోయాలి కదా."

అత్తగారు నవ్వబోయి ఆగిపోయింది.

వేలు గుచ్చి చూస్తే, మీటరు అంకె చూపకుండా 'హై' అంది.

"కళ్ళు సరిగ్గా కనిపిస్తున్నాయా?"

"కుడి కన్ను వారంగా మసక మసకగా ఉంది. నువ్వు బెంగపెట్టుకుంటావని..."

"లేవండి, ఆస్పత్రికి పోదాం."

అత్తగారు లేవలేదు. చేతిలోని దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"పక్కింటి వదిన కూడా తాగుతోందే. నా కోడలు కనిపెట్టిన మందని రోజూ నేనే గ్లాసుడు ఇచ్చి వస్తున్నా. ఆవిడా సూది మానేసింది."

కోడలు చేతిలోని మీటరు పక్కన పెట్టింది. ఆటో కోసం ఫోను తీసింది.

అత్తగారు లేచి, గోడ తడుముకుంటూ గుమ్మం దాకా నడిచింది. చెప్పులు వెతుక్కుని కాళ్ళకు తొడుక్కుంది. వెనక్కి తిరిగి చూడకుండానే, "ఆటోలో వదినకీ చోటుంచు" అని పక్కింటి వైపు వెళ్ళిపోయింది.