అలిగిన మిషన్ని బుజ్జగించడం ఎలా

చిన్నదానికి ముప్ఫై నాలుగేళ్ళు. అయినా ఇంట్లో, వీధిలో, ఆఫీసులో అందరికీ చిన్నదే. వాళ్ళమ్మ దర్జీ. సూదులకీ బాబిన్లకీ ఏళ్ళ తరబడి ఒకే మిషన్ల కొట్టుకి వస్తూ వస్తూ, ఒకరోజు ఓనరుగారితో "మా చిన్నదానికి కుట్టడం రాదు గానీ రాయడం వచ్చండీ" అంది. ఆయన ఆ కొట్టు మేడమీదే ఉద్యోగం ఇచ్చాడు, ఆ పిలుపు కూడా అక్కడే ఖాయమైపోయింది. చిన్నది ఉందంటే పెద్దదొకతి ఉండాలి కదా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడగనందుకు ఆమెకి హాయిగానూ ఉండేది, బాధగానూ ఉండేది.

కింద కొట్టులో కుట్టుమిషన్లు వరసగా ఉంటాయి. పైన మూడు గదులు. నడిమి గదిలో కూర్చుని చిన్నది కొట్టువాళ్ళ బ్లాగు రాస్తుంది. కింది దారం తెగుతుంటే ఏం చేయాలి, మందపు బట్టకి ఏ సూది వేయాలి, నూనె ఎక్కడ ఎన్ని చుక్కలు వేయాలి, ఇలాంటి పోస్టులు వారానికి రెండు.

వాటిలో ఏ పోస్టునైనా ఎవరైనా మనసుపెట్టి చదివితే, చదువుతున్నంతసేపూ వాళ్ళ నీడ వచ్చి ఆ గదిలో కూర్చుంటుంది. అందుకని గోడవారగా రెండు పొడుగాటి బల్లలు వేయించారు. హెడ్డింగు చూసి వచ్చి, తమకి కావలసింది లేదని నాలుగు సెకన్లలో వెళ్ళిపోయేవాళ్ళ నీడలు లోపలికి రావు. గుమ్మానికున్న కర్టెను ఒకసారి కదిలి ఊరుకుంటుంది, అంతే. ఊడ్చే ఆవిడ "కాళ్ళు కాస్త పైకి పెట్టుకోండమ్మా" అంటే నీడలు పైకి పెట్టుకునేవి. ఓనరుగారికి బల్లలతో పనిలేదు. కర్టెను ఎంత ఊగితే అంతమంది వచ్చినట్టు ఆయన లెక్క. సాయంత్రం వచ్చి "ఇవాళ ఎలా ఊగింది?" అని అడిగి వెళ్ళేవాడు.

చిన్నదాని ఎదురు కుర్చీ మాటల మేడంది. జనం సెర్చ్‌లో ఏ మాటలు కొడుతున్నారో చూసి, ఏ మాట ఏ పోస్టులో ఎన్నిసార్లు రావాలో చెప్పడం ఆవిడ పని. అందుకే ఆ పేరు.

"‘కుట్టుమిషను రిపేరు’ ఏడుసార్లు రావాలన్నాను. నువ్వు రెండుసార్లే రాశావు."

"ఏడుసార్లు రాస్తే చదివేవాళ్ళకి తల నొప్పి పుడుతుంది మేడం."

"పుట్టాలన్నా ముందు వాళ్ళు రావాలి కదమ్మా. గుమ్మం కనబడకపోతే ఇంట్లోకి ఎవరొస్తారు?"

"అన్నీ గుమ్మాలే కడితే కూర్చోవడం ఎక్కడండీ?"

"మాటకి మాట చెప్పడంలో నీ తర్వాతే," అని మేడం నవ్వేది. చివరికి నాలుగుసార్లకి బేరం తెగేది.

ఒక సోమవారం పొద్దున మేడం కొత్త జాబితా ఇచ్చింది, ఏ మాటని నెలకి ఎంతమంది వెతుకుతున్నారో పక్కన అంకెలతో. పై వరసల్లో వేలు, కింది వరసల్లో వందలు. అట్టడుగున ఒక వరస ఉంది. ‘అలిగిన మిషన్ని బుజ్జగించడం ఎలా’. దాని పక్కన ఒకటి అని ఉంది. నెలకి ఒక్కసారి, ఒక్కరే.

"ఎవరో పనిలేక కొడుతున్నట్టున్నారు. అది కొట్టెయ్," అంది మేడం.

చిన్నది కొట్టెయ్యలేదు. కళ్ళు ఆ వరస మీదే ఉండిపోయాయి. మిషను కుట్టు దాటేస్తుంటే ఊరందరూ చెడిపోయిందంటారు. వాళ్ళింట్లో మాత్రం అలిగిందనేవాళ్ళు. రిపేరు అనరు, బుజ్జగించడం అంటారు. అది అమ్మ నోటి నుంచి వచ్చిన మాట. ఆ మాట వంటబట్టినవాళ్ళు లోకంలో ముగ్గురే. అమ్మకి ఫోనులో నంబరు నొక్కడం తప్ప ఏమీ రాదు. తను ఇక్కడ కూర్చుని ఉంది. మిగిలింది అక్క.

అక్క వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళు.

ఆరోజు ఒకాయన కోటు కుట్టమని వెల్వెట్ బట్ట తెచ్చాడు. ఎక్కడో దూరదేశంలో కొన్నది, ఇంకో మూర కావాలన్నా దొరకదు. కొలతలు, కత్తిరింపు ఎప్పుడూ అక్కవే. అక్క గుండీలు కొనడానికి వెళ్ళిన అరగంటలో, తనకీ పని వచ్చని చూపించుకోవాలని చిన్నది కత్తెర తీసింది. వెల్వెట్ నూగు ఒక పక్కనే ఉంటుంది. ఒక చెయ్యి కత్తిరించాక నమూనా కాగితం తిరగేసి రెండో చెయ్యి కత్తిరించాలి. తిరగేయడం మర్చిపోయింది. రెండు చేతులూ ఎడమచేతులే అయ్యాయి.

సాయంత్రం అమ్మ ముక్కలు ఎత్తి చూసింది. కత్తిరింపు ఎవరిదని అడగనే లేదు. కుట్టించుకోడానికి వచ్చిన నలుగురి ముందు అక్కని పట్టుకుని "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే? పదేళ్ళు నేర్పింది ఇందుకా?" అని నోటికొచ్చినట్టు తిట్టింది. అక్క మారు మాట్లాడలేదు. చెల్లెలి వైపు ఒక్కసారి చూసింది. చిన్నది బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. అక్క ఇంకాసేపు చూసి, లోపలికెళ్ళి సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఎక్కడో కుట్టుపని చేసుకుంటోందని తర్వాత ఎవరో అన్నారు. ఆ ఊరేదో వాళ్ళకీ తెలియదు.

అప్పట్నుంచీ ఇంట్లో కోటు మాట వస్తే చాలు, చిన్నదాని చేతులు భుజాలు తడుముకునేవి.

"ఈ మాట మీద పోస్టు రాస్తాను సార్," అని ఆ సాయంత్రమే ఓనరుగారిని అడిగింది.

"నెలకి ఒక్కరా? ఒక్కరి కోసం పొయ్యి వెలిగిస్తానంటావేంటమ్మా?"

"ఆ ఒక్కరికీ మిషను ఉంది కదండీ."

"సరేలే, తీరిక ఉన్నప్పుడు రాసుకో. పని మాత్రం ఆగకూడదు."

ఆశ అంత చెడ్డది ఇంకోటి లేదు. మామూలుగా ఏడుసార్లంటే పోట్లాడే మనిషి, అక్కకి కనబడదేమో అన్న భయంతో ఆ ఒక్క మాటనీ పందొమ్మిదిసార్లు దూర్చింది. అలిగిన మిషన్ని బుజ్జగించడం ఎలాగో తెలుసుకోవాలంటే అలిగిన మిషన్ని బుజ్జగించడం తెలిసి ఉండాలి, ఇదీ వరస. చదివి మాటల మేడమే కళ్ళజోడు తీసేసింది. "నేనైనా ఇన్నిసార్లు అడగను తల్లీ," అంది.

ఆ సోమవారం నుంచి పదకొండో రోజు మధ్యాహ్నం కర్టెను కదిలింది. రోజూ కదిలేలా కాదు. ఎవరో దాని అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, తిరగేసి, మడత కుట్టు చూసినట్టు కదిలింది. బట్ట ఎక్కడ కనబడినా అంచు తిరగేసి చూడటం అక్కకి పుట్టుకతో వచ్చిన జబ్బు. చిన్నది కుర్చీ తన్నుకుంటూ లేచింది. అప్పటికే అంచు జారిపోయింది. గుమ్మం దాటి చూస్తే మెట్లు తప్ప ఏమీ లేవు.

మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. మాటల మేడం మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది.

"ఆ వెతికేది ఎవరో నీకు తెలుసా?"

"మా అక్కండీ. వచ్చింది. నేను రాసిన చెత్త చూసి వెళ్ళిపోయింది."

మేడం గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "ఇలా చూడు. అంత చిత్రమైన మాట ఇంకెవరూ రాయరు. హెడ్డింగులో ఒక్కసారి పెట్టు, ఆవిడకి నీదే కనబడుతుంది. అక్కడితో నా పని అయిపోయింది. మిగతాది నాకు చూపించకు. ఆవిడకి చెప్తున్నట్టు రాయి."

చిన్నది మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. మిషను అలిగినప్పుడు అమ్మ ఏం చేసేదో అదే రాసింది. ముందు దాని మీద బట్ట కప్పి, మనం లేచి మంచినీళ్ళు తాగి రావాలి. నీ కోపం దాని మీద చూపిస్తే అది దాని కోపం నీ బట్ట మీద చూపిస్తుంది. తర్వాత సూది మార్చాలి, పాతది బాగున్నట్టు కనిపించినా సరే. బాబిన్ తీసి, దాని ఇంట్లో చేరిన నూగు బ్రష్షుతో దులపాలి. పై దారం మొదటి నుంచీ మళ్ళీ ఎక్కించాలి. అప్పుడు పనికిరాని గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి, ఎలా ఉందో దాన్నే అడగాలి. అన్నీ రాసింది. కోటు సంగతి మాత్రం రాయలేదు.

విచిత్రం ఏమిటంటే, నెలకి ఒక్కరే వెతికే ఆ పోస్టుకి బల్లలు నిండిపోయాయి. చదివినవాళ్ళు ఇంకొకళ్ళకి పంపారు కాబోలు, నీడలు ఒకదాన్నొకటి జరుపుకుంటూ కూర్చున్నాయి. కర్టెను పెద్దగా ఊగకపోయినా, కింద కొట్టుకి ఆ పోస్టు పేరు చెప్పి మనుషులు వస్తున్నారని ఓనరుగారు మేడెక్కి వచ్చి మరీ చెప్పాడు. చిన్నదానికి ఏమీ ఎక్కలేదు. వచ్చిన ప్రతి నీడ భుజాలూ చూసేది. అక్కకి కుడి భుజం కాస్త కిందికి ఉంటుంది. ఇన్ని నీడల్లో ఒక్క దానికీ లేదు. అక్క మిషను ఈ నెల అలగలేదేమో, బాగా నడుస్తోందేమో అనుకుని, మిషను పాడవ్వాలని కోరుకుంటున్నందుకు తనని తనే తిట్టుకునేది. అక్క కనబడాలని అంత ఆరాటంగా ఉండేది.

ఆ సోమవారం నుంచి లెక్కేస్తే ముప్ఫై ఎనిమిదో రోజు, బుధవారం, భోజనాలయ్యాక కర్టెను అంచు తిరగబడింది. కుట్టు చూసుకుని, ఒక నీడ లోపలికి వచ్చింది. బల్ల చివర కూర్చుంది. కుడి భుజం కిందికి ఉంది. కుడి పాదం మిషను తొక్కుతున్నట్టు నేలమీద ఆడుతోంది.

"అక్కా," అంది చిన్నది. నీడకి వినబడదు. చదవడం ఒక్కటే తెలుసు. తల మెల్లగా కిందికి జరుగుతోంది, అంటే పోస్టు సగం అయిపోయింది. ఇంకో నిమిషంలో పూర్తవుతుంది. పూర్తయితే లేచిపోతుంది.

చిన్నది కంప్యూటరు ముందుకి దూకి, పోస్టు చివర ఒక లైను చేర్చింది. ‘అక్కా, లేవకు. ఇంకా ఉంది.’

లేవబోతున్న నీడ ఆగింది.

ఇక ఆపకుండా రాసింది. ఒక లైను రాయడం, పెట్టడం, నీడ తల కిందికి జరగడం చూసి ఇంకో లైను రాయడం. నువ్వు వెళ్ళాక నీ పక్క ఎవరం తీయలేదు. అమ్మ నీ పేరు ఎత్తదు, కానీ దారాలు ఇప్పటికీ ఇద్దరికి సరిపడా కొంటుంది. నువ్వు కొన్న గుండీలు డబ్బాలో అలాగే ఉన్నాయి. నీడ కదలకుండా చదివింది. కుడి పాదం ఆగిపోయింది. రాయడానికి తేలికైనవన్నీ అయిపోయాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకుని రాసింది. ‘ఆ చేతులు కత్తిరించింది నేను. నువ్వు నా వైపు చూశావు. నేను నోరు తెరవలేదు. భయమేసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళూ భయమే.’

మాటల మేడం తల ఎత్తకుండా తన పని చేసుకుంటోంది. బల్ల మీద మిగతా నీడలు కాస్త పక్కకి జరిగాయి.

చాలాసేపటికి పోస్టు కింద జవాబు పడింది. పేరు లేదు.

‘నాకెందుకు చెప్తున్నావు? నాకు తెలిసిందే కదా. అమ్మకి చెప్పు.’

చిన్నది ఆ లైను రెండుసార్లు చదివింది. ఫోను చేతిలోకి తీసుకుని లేచింది. "మేడం, నేను వెళ్ళొస్తాను," అంది. మేడం సరేనని తలూపింది. ఆమె మెట్లు దిగుతుంటే బల్ల మీంచి ఆ నీడ కూడా లేచి వెనకాలే దిగింది. నీడలు గది దాటి రావడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. కింద మిషన్లు తుడుస్తున్నవాళ్ళు ఇద్దరికి సరిపడా దారి ఇచ్చారు. వీధిలో ఎండ చుర్రుమంటోంది. మూడు సందులు దాటేంతవరకూ ఇద్దరూ పక్కపక్కనే నడిచారు.

ఇంటి ముందరి అమ్మ కుట్టుకొట్టులో కొలతలివ్వడానికి ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒకావిడ చేతిమడత సరిచేస్తోంది. వాళ్ళు వెళ్ళాక చెప్దామా అని చిన్నదానికి ఒక్క క్షణం అనిపించింది. అక్కని తిట్టింది కూడా నలుగురి ముందే కదా అనుకుంది.

"అమ్మా, ఆ వెల్వెట్ కోటు చేతులు అక్క కత్తిరించలేదు. నేను కత్తిరించాను. నువ్వు దాన్ని తిడుతుంటే చూస్తూ ఊరుకున్నాను."

ముగ్గురు ఆడవాళ్ళూ చిన్నదాని వైపు తిరిగారు. అమ్మ గుండుసూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకి గుచ్చింది. రెండు కింద పడ్డాయి. చిన్నది చెంపదెబ్బకి సిద్ధంగా నిలబడింది.

"నీ సంగతి తర్వాత," అంది అమ్మ.

ఆమె చూపు చిన్నదాని పక్కకి వెళ్ళింది. అక్కడ నిలబడ్డ నీడని పైనుంచి కిందిదాకా, కొలతలు తీసుకుంటున్నట్టు చూసింది. మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది, మళ్ళీ విప్పింది. ఏం చేయాలో తోచక నీడ దగ్గరికి వెళ్ళి, భుజం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టింది.

"ఇంత చిక్కిపోయావేమే," అంది. "నేను అడగకుండా తిట్టాను. అడగాల్సింది. ఎప్పుడొస్తావు?"

చిన్నది ఆ మాటల్ని ఫోనులోంచే పోస్టు చివర చేర్చింది, దాని కింద ఇంకో లైను పడింది. కళ్ళ నిండా నీళ్ళతో ఆమెకి అక్షరాలు కనబడలేదు. కొలతలివ్వడానికి వచ్చినావిడే ఫోను తీసుకుని, గట్టిగా, అందరికీ వినబడేలా చదివింది.

"రేపు పొద్దుటి బస్సుకి వస్తున్నా అంటోందండీ."