పలకల షెడ్ల దగ్గు

మార్కాపురంలో నన్ను రోగాల మేడం అంటారు. అననివ్వండి. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే చాలు గిద్దలూరు నుంచి దొనకొండ దాకా తిరిగాను. ఏ ఊరిని ఏ జబ్బు పట్టుకుంది, ఎవరు ఏ వైద్యం చేశారు అని ఇరవై ఏళ్లుగా పోగుచేశాను. రాజుల చరిత్ర రాసేవాళ్లకు కొదవ లేదు. మా జనం దగ్గుల చరిత్ర ఎవరు రాస్తారు?

పుస్తకం పూర్తయింది. పలకల వ్యాపారి చెన్నకేశవరావు అచ్చు వేయిస్తానని ముందుకొచ్చాడు. ప్రూఫులు చదివాక ఇంటికి రమ్మన్నాడు.

"అక్కా, బ్రహ్మాండంగా రాసినావు. ఆ పలకల షెడ్ల అధ్యాయం ఒక్కటి తీసెయ్."

అసలు ఆ అధ్యాయం కోసమే పుస్తకం రాశాను. రాయి కోసే షెడ్లలో దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయినవాళ్ల కథ అది. అందరికీ టీబీ అని పేరు పెట్టి షెడ్ల యజమానులు చేతులు దులుపుకున్నారు. టీబీ ఇల్లంటే పిల్లలకు సంబంధాలు రావని ఇంట్లోవాళ్లూ నోరు మెదపలేదు. ఒక్క కుటుంబమూ పోయినవాళ్ల పేరు రాయనివ్వలేదు.

"తీయను" అన్నాను.

"పేర్లే లేని చావులు ఎవరు నమ్ముతారక్కా? మా పరువు తీసేదానికి తప్ప దేనికి పనికొస్తది? అది ఉంటే నేను అచ్చు వేయించను."

నాకు ఒళ్లు మండింది. "వేయించొద్దు. జిరాక్సులు తీసి షెడ్డు షెడ్డుకూ పంచుతాను."

మా అరుపులకు అతని తల్లి వెంకటసుబ్బులమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఏంది పాపా ఆ షెడ్ల సంగతి? చదువు, నేనూ వింటా."

"నీకెందుకులేమ్మా" అన్నాడు కొడుకు. నేను చదివాను. సగంలో ఆమె ఆపింది.

"అయితే అది అంటుకునేది కాదా?"

"దుమ్ముతో వచ్చింది అంటుకోదు పెద్దమ్మా."

ఆమె కొడుకు వైపు చెయ్యి చూపింది. "ఈయప్ప నాయన గూడా షెడ్డులోనే కూర్చోని రాయి కోయించినాడు. కర్నూల్లో కఫం చూసి క్రిములు లేవన్నారు. ఇక్కడ టీబీ అంటే దాన్నే నమ్మినాం. కంచం వేరే పెట్టినా, గ్లాసు వేరే పెట్టినా. వరండాలో పండబెట్టినా. వీడు నాయనా అని ఉరికితే రెక్క పట్టుకోని లాగినా. ఆయన దూరం నుంచే చూసుకుంటా పోయినాడు."

నాకు ఏడుపు ఆగలేదు. చెన్నకేశవరావు "బయటపడితే పరువు పోతదమ్మా" అని గొణిగాడు.

"ఈ పరువు కోసరం దుమ్ము మాట దాచబట్టే గదరా మీ నాయనను వరండాలో పెట్టింది! ఇంక ఎవర్ని పెట్టాల?"

నా వైపు తిరిగింది. "పేర్లు లేవన్నాడు గదా. రాసుకో పాపా."

ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. ఆమె వీధిలోకి వినబడేలా పలికింది.

"పెదరంగయ్య. షెడ్డు దుమ్ముతో పోయినాడని రాయి. టీబీ కాదని గూడా రాయి."