రత్తయ్య గారు ఆడమనిషని తెలిశాక

ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులమ్మే ఒక దుకాణంలో శ్రీదుర్గ కౌంటర్ చూసుకుంటుంది. ఆ వరుసలో కౌంటర్ దగ్గర కూర్చునే ఆడమనిషి ఆమె ఒక్కతే. తండ్రి రత్తయ్య మెకానిక్. బేరింగును చేత్తో తిప్పి, చప్పుడు విని, మంచిదో కాదో చెప్పడం చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకుంది. ఆయన చనిపోయాక ఆయన పేరు మీదే ఒక బ్లాగు మొదలుపెట్టింది. నకిలీ పార్టును ఎలా గుర్తుపట్టాలి, క్లచ్ ప్లేటు తొందరగా ఎందుకు అరుగుతుంది, ఇలాంటివి రాసేది.

చదివేవాళ్లంతా రత్తయ్యను పెద్దాయన అనుకున్నారు. గురువుగారూ అని పిలిచేవారు, తప్పు రాస్తే గట్టిగా వాదించేవారు. ఆ వాదనలంటే ఆమెకు ఇష్టం. 'కృష్ణాతీరం' అనే పేరుతో ఒకాయన రెండేళ్లుగా ప్రతి పోస్టు కిందా రాసేవాడు. ఆయన అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఆమె ఆదివారాలు కూడా పాత మాన్యువల్స్ తిరగేసేది.

మొన్న వేసవిలో ఒకరోజు విసిగిపోయి వేరే సంగతి రాసింది. ఆ వీధిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదని, అందుకే పగలంతా నీళ్లు సరిగ్గా తాగలేకపోతున్నామని. రాస్తున్నప్పుడు రత్తయ్య గుర్తుకు రాలేదు. 'కౌంటర్లో కూర్చునే నాలాంటి ఆడవాళ్లం' అని రాసేసింది.

మొదటి గంటలో ఇద్దరు జాలిపడ్డారు. తర్వాత ఏ కొట్టు, ఏ బస్సెక్కుతావు, పెళ్లయిందా, ఫోటో పెట్టు అని మొదలైంది. మరుగుదొడ్డి గురించి ఒకడు నోటితో అనలేని మాట రాశాడు. ఎప్పుడో గేర్‌బాక్స్ మీద రాసిన పోస్టు కిందికి వెళ్లి, ఇది మొగుడు చెబితే రాసుంటుంది అన్నాడు ఇంకొకడు.

మొగుడు సిద్ధార్థ తన పేరుతో, తన ఫోటోతో క్రికెట్ మీద రాస్తుంటాడు. తిట్లు అతనికి అలవాటే.

"నన్ను రోజూ తిడతారు దుర్గా. పట్టించుకుంటే ఏమీ రాయలేం," అన్నాడు.

ఆమె వాదించలేదు. భవానీపురంలోని తమ ఇంట్లో భోజనాల బల్ల మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టింది. అతన్ని తిట్టినవాళ్లు ఆట తెలియదన్నారు, బుర్ర లేదన్నారు. ఆమె కింద రాసినవాళ్లలో బేరింగు గురించి మాట్లాడినవాడు ఒక్కడూ లేడు. సిద్ధార్థ చివరిదాకా చదివాడు.

"నువ్వు ఏ బస్సు ఎక్కుతావని నన్నెవడూ అడగలేదు," అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి, పేరు లేని కొత్త ఖాతా నుంచి ఒక వాక్యం వచ్చింది: 'పసుపు చుడీదార్ బాగుంది.' శ్రీదుర్గ తన బట్టల వైపు చూసుకుంది. పసుపే. కౌంటర్ ముందు నలుగురున్నారు, నలుగురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒకతను ఆయిల్ సీల్ అడిగితే ఆమె గాస్కెట్ తీసిచ్చింది.

మర్నాడు ఇంకొకటి: 'పొద్దున్నుంచి సీసా రెండుసార్లు ఎత్తావు. మరి ఎక్కడికెళ్తావు?' ఆమె పక్కనే నీళ్లున్నాయి. తాగాలంటే భయమేసింది.

శనివారం ఫోటో వచ్చింది. కౌంటర్ వెనక వంగి ఏదో వెతుక్కుంటున్న తను. కింద 'గురువుగారి దర్శనం' అని ఉంది. యజమాని వెంకటకృష్ణారావు గారు చూసి, వారం రోజులు సెలవు పెట్టమని, ముందు ఆ బ్లాగు తీసెయ్యమని మెల్లగా చెప్పారు. ఆమె నిజంగానే తీసేయబోయింది. అప్పుడే ఫోటో అడుగున కనబడింది, నీలం రంగు ముక్కొకటి, దాని మీద సగం అక్షరం. ఆ వీధిలో నీలం బోర్డు ఎదురు కొట్టుదొక్కటే. ఫోటో ఆ బోర్డు పైనున్న గోడౌన్ కిటికీలోంచి తీసింది.

ఎదురు కొట్టు గోపాలకృష్ణది. యాభై దాటిన మనిషి. అమ్మా అని తప్ప పిలవడు. రోజూ నాలుగింటికి టీ పంపిస్తాడు.

సిద్ధార్థ వచ్చేదాకా ఆగుదామనుకుంది. కానీ ఆ కిటికీ ఎదురుగా ఇంకో మూడు గంటలు కూర్చోలేకపోయింది. పార్టులు ప్యాక్ చేసే తెరేసమ్మను వెంటబెట్టుకుని రోడ్డు దాటింది.

"బాబాయిగారూ, ఇది మీ పైగదిలోంచి తీసిన ఫోటో అండీ," అంది.

కాదంటాడనుకుంది. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"కృష్ణాతీరం నేనేనమ్మా. రెండేళ్లు గురువుగారూ గురువుగారూ అని రాశాను. నువ్వు ఎదురుగా కూర్చుని నవ్వుకునుంటావు."

"మీరని నాకు తెలీదండీ."

"ఆడమనిషి దగ్గర పాఠాలు చెప్పించుకున్నానని రేపు వీధంతా అనుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

గొంతు పెంచలేదు. టీ తాగావా అమ్మా అని అడిగే గొంతే అది. శ్రీదుర్గకు అన్నిటికంటే ఎక్కువ భయం అప్పుడు వేసింది.

"అయితే ఆ పిల్ల నీళ్లు తాగేది లెక్కపెడతారా అండీ?" అంది తెరేసమ్మ.

ఆయన కళ్లజోడు పెట్టుకుని కొట్టు లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే సిద్ధార్థతో వెళ్లి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. గోపాలకృష్ణను పిలిపించారు. ఖాతాలు తీసేశాడు, మళ్లీ చేయనని రాసిచ్చాడు. సోమవారం కొట్టు మామూలుగానే తెరిచాడు. పైగది కిటికీకి ప్లైవుడ్ కొట్టించాడు. మిగతా కామెంట్లు రాసినవాళ్లు ఎవరో ఎప్పటికీ తెలియలేదు. వాళ్లలో కొందరు రోజూ తన ముందుకొచ్చి పార్టులు కొనుక్కుపోతుండవచ్చు.

బ్లాగు మీద తన పేరు పెట్టుకుంది. చదివేవాళ్లు సగమయ్యారు. ఈరోజు జరిగింది ఈరోజు రాయడం మానేసింది. పది రోజులు ఆగి రాస్తుంది.

వానాకాలంలో చల్లపల్లి నుంచి అక్షయ అనే పేరుతో మెయిల్ వచ్చింది. మెకానికల్ డిప్లొమా చదువుతున్నానని, ట్రాక్టర్ ఇంజన్ల గురించి రాయాలనుందని, మగపేరు పెట్టుకోమంటారా అని.

శ్రీదుర్గ రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చెరిపేసింది. పెట్టుకోమనడానికి మనసొప్పలేదు. వద్దనడానికి ధైర్యం చాలలేదు. ఇంతకీ అక్షయ నిజంగా అమ్మాయేనా అన్న అనుమానం వచ్చింది. ఆ అనుమానానికి సిగ్గుపడింది కానీ అది పోలేదు. చివరికి దుకాణం ల్యాండ్‌లైన్ నంబరు మాత్రం ఇచ్చి, ముందు ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం అని రాసింది.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. ఎత్తి, అవతలివాళ్లు మాట్లాడేదాకా తను పలకలేదు.

"హలో, శ్రీదుర్గ గారేనాండీ?" అంది బెదురుతున్న ఆడపిల్ల గొంతు.

"నేనేనమ్మా," అంది శ్రీదుర్గ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "చెప్పు, ఏ ఇంజను గురించి?"